తాళంచెవి బీరువాలోనే

మా రూంలో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. 2016లో బాపు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి వచ్చిన పైసలతో కొనిచ్చాడు. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. నేనూ మా చెల్లే హనుమకొండ నయీంనగర్‌లో రూం తీసుకుని ఉంటున్నాం. చెల్లెది డిగ్రీ ఫైనల్ ఇయర్. నేను ఎంబెడెడ్ లినక్స్ (చిన్న పరికరాల్లో నడిచే లినక్స్) నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. పగలు దాని ప్రాజెక్ట్ రిపోర్ట్, రాత్రి నా ప్రాక్టీస్. అట్లా పంచుకున్నాం.

లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు పోయింది. చౌరస్తా దగ్గర షాపులో ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొన్నాను. విండోస్‌లో పెట్టగానే పని చేస్తుందని షాపాయన చెప్పాడు. మాది డెబియన్ 12, ఒక రకం లినక్స్. పెడితే లైటు కూడా వెలగలేదు. లోపలి చిప్ రియల్‌టెక్ 8821సీయూ అని తేలింది. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే సిస్టమ్ గుండెకాయ. డెబియన్ 12తో వచ్చేది 6.1 కెర్నల్, అది 2022 డిసెంబర్‌లో విడుదలైంది. ఈ చిప్‌కు యూఎస్‌బీ డ్రైవర్ కెర్నల్‌లో చేరింది 6.2లో, 2023 ఫిబ్రవరిలో. రెండు నెలల తేడాతో నా డాంగిల్ ఆ గడప అవతల ఉండిపోయింది.

కాజీపేట అన్న ఒకాయన హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు. కోర్సులో నాకు సీనియర్. ఆయనను అడిగితే, "బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ దింపుకో తమ్మీ, పది నిమిషాల పని" అన్నాడు. బ్యాక్‌పోర్ట్స్ అంటే పాత డెబియన్‌కు కొత్త ప్యాకేజీలు దొరికే చోటు. మాట నిజమే. మీకు డాంగిల్ పని చేస్తే చాలనుకుంటే మీరూ అదే చెయ్యండి. కానీ అంతకు నెల ముందు ఒక ఇంటర్వ్యూలో "నువ్వు ఎప్పుడైనా సొంతంగా కెర్నల్ బిల్డ్ చేసి బూట్ చేశావా?" అని అడిగారు. లేదన్నాను. ఆ ప్రశ్న నన్ను వదలలేదు. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 చాలా ఏళ్లు సపోర్ట్ ఉండే వెర్షన్. అదే బిల్డ్ చేద్దామని, అంటే సోర్స్ కోడ్ నుంచి నేనే తయారుచేద్దామని కూర్చున్నాను.

సోర్స్ సుమారు 140 ఎంబీ. ఫోన్ నెట్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు ఇచ్చి దింపాను. కాన్ఫిగ్, అంటే కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఫైల్, మొదటినుంచి రాయడం నాలాంటివాళ్ల వల్ల కాదు, వేల ఆప్షన్లు ఉంటాయి. అందుకని నడుస్తున్న 6.1 కెర్నల్ కాన్ఫిగ్ ఫైలును బూట్ ఫోల్డర్ నుంచి కాపీ చేసుకుని, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టాను. పాత కాన్ఫిగ్‌లో లేని కొత్త ప్రశ్నలన్నిటికీ అది డిఫాల్ట్ జవాబు తనే రాసేసుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

బిల్డ్ మొదలుపెట్టగానే ఒక సర్టిఫికెట్ ఫైల్ లేదని ఆగిపోయింది. డెబియన్ వాళ్లు తమ కెర్నల్‌లో తమ సంతకాల ఫైల్ కలుపుతారు. ఆ ఫైల్ దారి కాన్ఫిగ్‌లో ఉంది, ఫైల్ నా దగ్గర లేదు. ట్రస్టెడ్ కీస్ అనే ఆప్షన్‌ను ఖాళీ చేస్తే ముందుకు కదిలింది. డెబియన్, ఉబుంటు కాన్ఫిగ్ కాపీ చేసే ప్రతి ఒక్కరికీ ఇది తగులుతుంది, పెద్ద విషయం కాదు.

రాత్రి పదికి మొదలుపెట్టాను. రెండున్నరకు కరెంటు పోయింది. మా బ్యాటరీ పావుగంట కూడా నిలవదు. ఆరిపోయింది. పొద్దున్నే మళ్లీ మేక్ కొడితే, అప్పటికే అయిన ఫైళ్లను వదిలేసి మిగిలిన దగ్గర్నుంచి అందుకుంది. మేక్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. మధ్యాహ్నం దాటాక పూర్తయింది. మాడ్యూల్స్ (విడిగా ఉండే డ్రైవర్ ఫైళ్లు) ఇన్‌స్టాల్, ఆ తర్వాత మేక్ ఇన్‌స్టాల్. రెండోది నడుస్తుండగా అన్నం తినడానికి లేచాను. వచ్చి చూస్తే చివర ఎర్రర్ 1 అని ఉంది. బూట్ ఫోల్డర్‌లో చూస్తే 6.12 కెర్నల్ ఫైల్ ఉంది. గ్రబ్ (మెషీన్ లేచేటప్పుడు కెర్నల్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) మెనూ అప్‌డేట్ ఒక్కటే మిగిలిందేమో అనుకుని, అది చేత్తో కొట్టాను. "లినక్స్ ఇమేజ్ దొరికింది" అని 6.12 పేరు చూపించింది. సంతోషపడ్డాను.

6.1 పేరు కింద "ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్ దొరికింది" అని ఇంకో లైను ఉంది. 6.12 కింద ఆ లైను లేదు. ఇది నేను అప్పుడు చూడలేదు.

రీబూట్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తి ఆగిపోయాయి. క్యాప్స్‌లాక్ లైటు మిణుకుమిణుకుమంటోంది. కెర్నల్ ప్యానిక్ అయితే ఆ లైటు అట్లా కొట్టుకుంటుంది. కింద రాసి ఉన్నది: వీఎఫ్‌ఎస్, రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చెయ్యలేకపోయాను, అన్‌నోన్ బ్లాక్ 0,0. రూట్ అంటే సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే పార్టిషన్, మౌంట్ అంటే దాన్ని వాడకానికి తెరవడం.

అప్పటికింకా భయపడలేదు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 6.1ను ఎంచుకుంటే ఎప్పటిలాగే లేచింది. చెల్లె దాని పని అది చేసుకుంది. రాత్రి నేను మళ్లీ కూర్చున్నాను.

ఆ రాత్రి చేసినవన్నీ తప్పు దారి పనులే. "రూట్ ఆప్షన్ సరిగా ఇవ్వండి" అని తెర మీద ఉంది కాబట్టి తప్పు అక్కడే ఉందనుకున్నాను. గ్రబ్‌లో ఆ ఎంట్రీ మీద 'ఈ' కీ నొక్కి, రూట్ దగ్గర ఎస్‌డీఏ3 (డిస్క్ మూడో పార్టిషన్) అని ఉన్నదాన్ని యూయూఐడీగా, అంటే ఆ పార్టిషన్ గుర్తింపు నంబరుగా మార్చాను. ప్యానిక్. ఎస్‌డీఏ2 అని ఇచ్చాను. ప్యానిక్. గ్రబ్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ప్యానిక్. సెక్యూర్ బూట్ (సరైన సంతకం లేని కెర్నల్‌ను ఆపే సెట్టింగ్) ఏమో అని బయోస్‌లోకి వెళ్లి చూశాను, అది ముందే ఆఫ్‌లో ఉంది. అసలు సెక్యూర్ బూట్ అడ్డుపడితే గ్రబ్ దగ్గరే సంతకం బాగాలేదని ఆపేస్తుంది, కెర్నల్ మొదలే కాదు. నాది కెర్నల్ మొదలై, సెకను పైగా నడిచి, ఆ తర్వాత చచ్చిపోతోంది. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తే సగం అనుమానాలు వాటంతటవే పోతాయి. నేను మాత్రం అన్ని అనుమానాలనూ ఒకే సంచిలో వేసుకుని ఒక్కొక్కటే బయటికి తీస్తూ పోయాను.

రెండో రాత్రి, ఇనిట్‌ఆర్‌డీ అనే ఫైల్ 6.12కు లేదన్న సంగతి పట్టుకున్నాను. దాన్ని తయారుచేసే కమాండ్ అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. కొడితే డివైస్‌లో చోటు లేదని ఆగింది. మేక్ ఇన్‌స్టాల్ చివర ఎర్రర్ 1 ఎందుకో అప్పుడు తెలిసింది. డెబియన్ పెట్టేటప్పుడు ఎవరో చెప్పారని బూట్‌కు వేరే పార్టిషన్ పెట్టాను, 487 ఎంబీ. కొత్త ఫైల్ అందులో పట్టడం లేదు.

ఇక్కడే పెద్ద తప్పు చేశాను. చోటు కావాలి, ఏం తీసేద్దాం అని చూశాను. 6.1 ఇనిట్‌ఆర్‌డీ 41 ఎంబీ ఉంది. "6.12 లేస్తే దీంతో పనేముంది, కావాలంటే మళ్లీ తయారుచేసుకోవచ్చు" అనుకుని తీసేశాను. మళ్లీ కమాండ్ కొట్టాను. మళ్లీ చోటు లేదంది. అది అట్లా ఆగి ఉండగానే కరెంటు పోయింది. ఛార్జర్ వైరు తీసి, టార్చ్ కోసం ఫోన్ తీసుకునేలోపు లాప్‌టాప్ ఆరిపోయింది.

కరెంటు వచ్చాక 6.12 ప్యానిక్. 6.1 ఎంచుకుంటే ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ దొరకలేదు, ఏదైనా కీ నొక్కు అంది గ్రబ్. నొక్కాను. అదే ప్యానిక్, అదే అన్‌నోన్ బ్లాక్ 0,0.

చెల్లె లేచి కూర్చుంది. దాని రిపోర్ట్ ఎల్లుండి ఇవ్వాలి. వేరే కాపీ లేదు.

"అన్నా, నా ఫైల్ పోయిందా?"

"పోలేదు" అన్నాను. అది నిజమో కాదో ఆ క్షణాన నాకు తెలియదు. చేతులు చల్లబడ్డాయి. అంత టెన్షన్ నేను పరీక్షలప్పుడు కూడా పడలేదు.

రాత్రి పన్నెండు దాటింది. కాజీపేట అన్నకు ఫోన్ చేశాను. ఎత్తాడు. నేను చెప్పిందంతా విని ఆయన కెర్నల్ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "ముందుగాల చెల్లె ఫైల్ తియ్యి. అది నీ చేతికొచ్చినంక మిగిలిన ముచ్చట. పెన్‌డ్రైవ్‌ల లైవ్ డెబియన్ చేసుకుని దాంతో లేపు, డిస్క్‌కు ఏం కాలేదు" అన్నాడు. పక్క రూంలో ఎంసీఏ చదివే తమ్ముడిని లేపి, వాళ్ల లాప్‌టాప్‌లో లైవ్ పెన్‌డ్రైవ్ చేయించుకున్నాను. దాంతో బూట్ చేస్తే మా డిస్క్ కనిపించింది, ఎస్‌డీఏ3 మౌంట్ అయింది, చెల్లె ఫోల్డర్ ఉన్నది ఉన్నట్టే ఉంది. దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి, ఫోన్‌లోకి కూడా కాపీ చేశాను. చెల్లె ఆ పెన్‌డ్రైవ్ దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మళ్లీ ఫోన్ చేస్తే అన్న, "గా ప్యానిక్ తెర ఫోటో పంపు" అన్నాడు. రెండు రోజుల్లో నేను తీసినవి పది ఫోటోలు ఉన్నాయి. 6.12ది ఒకటి పంపాను.

"ఇగ చెప్పు. 'ఉన్న పార్టిషన్లు ఇవి' అన్న లైను ఉంది సూడు. దాని కింద ఏమున్నది?"

"ఏం లేదన్నా. ఖాళీ."

"గదే కదా తమ్మీ అది చెప్పేది."

ఆ లైను పదిసార్లు చూశాను. దాని కింద ఏమీ లేకపోవడమే అసలు సమాచారమని నాకు తట్టలేదు. రూట్ పేరు తప్పుగా ఇచ్చి ఉంటే ఆ లైను కింద ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఎస్‌డీఏ3 అని లిస్ట్ వచ్చి ఉండేది, "ఇవి ఉన్నాయి, నువ్వడిగింది లేదు" అన్నట్టు. లిస్టే ఖాళీగా ఉందంటే కెర్నల్‌కు అసలు డిస్కే కనిపించలేదు. బ్లాక్ 0,0 అన్నా అదే అర్థం. డిస్క్ కనిపించి, దాని మీది ఫైల్ సిస్టమ్ మాత్రం అర్థం కాకపోతే అక్కడ 8,3 లాంటి అంకెలు వస్తాయి. 8 అంటే ఎస్‌డీ డిస్క్‌ల నంబర్, 3 అంటే మూడో పార్టిషన్. డిస్కే కనిపించని కెర్నల్‌కు నేను ఒక రాత్రంతా రకరకాల పార్టిషన్ పేర్లు చెబుతూ కూర్చున్నాను.

నాకో సందేహం మిగిలింది. "గ్రబ్‌కు డిస్క్ కనిపించింది కదన్నా? కెర్నల్ ఫైల్‌ను డిస్క్ నుంచే కదా తెచ్చింది. మరి కెర్నల్‌కు ఎందుకు కనిపించదు?"

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. గ్రబ్ డిస్క్‌ను చదివేది మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ సాయంతో. కెర్నల్ ఒకసారి మొదలయ్యాక ఆ సాయం వదిలేసి సొంత డ్రైవర్‌తోనే డిస్క్‌ను చూడాలి. మా సాటా డిస్క్‌కు కావలసిన డ్రైవర్ ఏహెచ్‌సీఐ. దాని మీది ఫైళ్లు చదవడానికి ఈఎక్స్‌టీ4. కాన్ఫిగ్‌లో ఒక డ్రైవర్ పక్కన వై అని ఉంటే అది కెర్నల్ ఫైల్‌లోనే కలిసిపోతుంది. ఎం అని ఉంటే విడి మాడ్యూల్‌గా తయారై డిస్క్ మీద లిబ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. డెబియన్ కాన్ఫిగ్‌లో ఏహెచ్‌సీఐ ఎం. ఈఎక్స్‌టీ4 కూడా ఎం. ఒకే కెర్నల్ లక్ష రకాల మెషీన్లలో నడవాలి కాబట్టి వాళ్లు అన్నీ మాడ్యూల్స్‌గానే పెడతారు.

"అంటే డిస్క్‌ను తెరిచే డ్రైవర్ ఆ డిస్క్ లోపలే ఉన్నది. తాళంచెవి బీరువాల పెట్టి బీరువాకు తాళం ఏసినట్టు. గందుకే ఇంకో తాళంచెవి బయట గూట్ల పెడతరు. గదే ఇనిట్‌ఆర్‌డీ."

డిస్క్ తెరవడానికి కావలసిన డ్రైవర్లను ఒక చిన్న మూటగా కట్టి బూట్ పార్టిషన్‌లో ఉంచుతారు. గ్రబ్ కెర్నల్‌తో పాటు ఆ మూటనూ మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ ముందు ఆ మూట విప్పి, అందులోని ఏహెచ్‌సీఐ, ఈఎక్స్‌టీ4 ఎక్కించుకుని, అప్పుడు అసలు డిస్క్ తలుపు తీస్తుంది. యూయూఐడీతో రూట్‌ను వెతికేది కూడా ఆ మూటలోని ప్రోగ్రాములే. మూట లేకుండా నేను యూయూఐడీ ఇస్తే కెర్నల్‌కు అది ఉత్త అక్షరాల వరుస. కోర్సులో ఇవన్నీ విన్నాను, నోట్స్ కూడా రాసుకున్నాను. ఆ రాత్రి గానీ అర్థం కాలేదు.

ఇక మూట తయారుచెయ్యాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, మా రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ అనే మూడు ఫోల్డర్లను దాని లోపలికి బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికి వెళ్లాలి. అప్పుడు మన సిస్టమ్‌లో కూర్చుని కమాండ్ కొట్టినట్టే. ముందు 6.1ను బతికించమన్నాడు అన్న. కొత్తదాని జోలికి పోవద్దన్నాడు. లోపల వెర్షన్ అడిగితే లైవ్ పెన్‌డ్రైవ్ కెర్నల్ పేరు చెబుతుంది, అందుకని 6.1 పూర్తి పేరు మనమే రాసి ఇవ్వాలి. ఇచ్చాను. ఎర్రర్ లేకుండా మూట తయారైంది. చూస్తే ఫైల్ ఉంది, 41 ఎంబీ. రీబూట్ చేశాను.

ఫైల్ దొరకలేదు అంది గ్రబ్.

అప్పటికి తెల్లవారుజాము నాలుగు. ఆ ఫైల్‌ను నా కళ్లతో చూశాను. మళ్లీ లైవ్‌తో లేచాను. మళ్లీ మౌంట్ చేశాను, ఫైల్ అక్కడే ఉంది. ఈసారి ఏమీ మార్చకుండా ఫోల్డర్‌లో ఇంకేం ఉన్నాయో మాత్రం చూశాను. ఇనిట్‌ఆర్‌డీ ఒక్కటే ఉంది. కెర్నల్ ఫైళ్లు లేవు, గ్రబ్ ఫోల్డర్ లేదు. అప్పుడు వెలిగింది. మా బూట్ వేరే పార్టిషన్. నేను రూట్‌ను మాత్రమే మౌంట్ చేశాను, ఎస్‌డీఏ2లో ఉన్న బూట్‌ను దాని మీద మౌంట్ చెయ్యలేదు. రూట్ పార్టిషన్‌లోని ఉత్త బూట్ ఫోల్డర్‌లోకి మూట రాశాను. గ్రబ్ చూసేది ఎస్‌డీఏ2లో.

సీహెచ్‌రూట్ చేసేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: లోపలికి వెళ్లగానే బూట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫోల్డర్ కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే బయటికి వచ్చి బూట్ పార్టిషన్ మౌంట్ చేసి మళ్లీ వెళ్లండి. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ బదులు వచ్చిన ఫర్మ్‌వేర్) మెషీన్ అయితే దాని లోపల ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా.

ఎస్‌డీఏ2ను సరిగా పెట్టి మళ్లీ చేశాను. 6.1 లేచింది. అయిదున్నరైంది, మసీదులో అజాన్ వినిపిస్తోంది. చెల్లెను లేపి చూపించాను. అది తెర చూసి, "మరి నీ కొత్తది?" అని అడిగి మళ్లీ పడుకుంది.

పగలంతా నిద్రపోయి సాయంత్రం ఆ ప్రశ్న అందుకున్నాను. 6.1 మూట 41 ఎంబీ ఉంటే 6.12 మూట 487 ఎంబీలో ఎందుకు పట్టలేదు? లిబ్ మాడ్యూల్స్‌లో రెండు ఫోల్డర్ల సైజు పోల్చాను. 6.1ది 400 ఎంబీ లోపు. నా 6.12ది 5 జీబీ పైన. డెబియన్ కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి ఉంచే అదనపు డేటా) ఆన్‌లో ఉంటుంది. డెబియన్ వాళ్లు ప్యాకేజీ చేసేటప్పుడు దాన్ని మాడ్యూల్స్ నుంచి గీకేసి విడిగా ఉంచుతారు. నేను గీకకుండా ఉన్నదున్నట్టు ఇన్‌స్టాల్ చేశాను. ప్రతి మాడ్యూల్ బరువెక్కింది, వాటిని మూటగట్టే ఇనిట్‌ఆర్‌డీ కూడా బరువెక్కింది.

మందు ఒక్క మాటలో ఉంది. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ అనే విలువను 1 అని ఇస్తే డీబగ్ సమాచారం తీసేసి పెడుతుంది. మళ్లీ బిల్డ్ చెయ్యక్కర్లేదు. పాత 6.12 మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి, అట్లా ఇన్‌స్టాల్ చేసి, మూట తయారుచేశాను. 44 ఎంబీ. గ్రబ్ అప్‌డేట్ చేస్తే ఈసారి 6.12 కింద ఇనిట్‌ఆర్‌డీ లైను వచ్చింది. ఆ లైను కోసమే కళ్లు అక్కడ పెట్టి కూర్చున్నాను.

గ్రబ్‌లో 'ఈ' కీ నొక్కి క్వైట్ అన్న మాట కూడా తీసేశాను, ఏం జరుగుతుందో మొత్తం చూడాలని. అక్షరాలు పరుగెత్తాయి. ఏహెచ్‌సీఐ పేరు వచ్చింది. ఎస్‌డీఏ, పక్కన 1, 2, 3. ఈఎక్స్‌టీ4 మౌంట్ అయిందన్న లైను. లాగిన్ తెర. వెర్షన్ అడిగితే 6.12, దాని చివర నేను పెట్టుకున్న మా ఊరి పేరు. మాది పరకాల దగ్గర పల్లె, ఆ పేరే పెట్టాను. దాన్ని అట్లా చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

డాంగిల్ పెట్టాను. లైటు వెలగలేదు.

ఈసారి గాభరా పడలేదు. ముందు కెర్నల్ లాగ్ చదివాను. యూఎస్‌బీ పరికరం వచ్చిందని ఉంది, దాన్ని తీసుకున్న వైఫై డ్రైవర్ పేరు లేదు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆర్‌టీడబ్ల్యూ88 అనే రియల్‌టెక్ వైఫై డ్రైవర్ల గుంపు కింద 8821సీయూ వెతికితే "సెట్ కాలేదు" అని ఉంది. మొదట్లో చెప్పిన ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ గుర్తుందా? ఆ డ్రైవర్ 6.1లో లేదు కాబట్టి పాత కాన్ఫిగ్‌లో దాని జవాబు లేదు. కొత్త ప్రశ్నకు డిఫాల్ట్ జవాబు వద్దు. ఏ డ్రైవర్ కోసం ఇదంతా మొదలుపెట్టానో అదే నా కెర్నల్‌లో లేదు. మెనూకాన్ఫిగ్ తెరిచి డివైస్ డ్రైవర్స్, నెట్‌వర్క్, వైర్‌లెస్ లాన్, రియల్‌టెక్ అని లోపలికి వెళ్లి దాని పక్కన 'ఎం' పెట్టాను. మారింది కొద్దిగే కాబట్టి రాత్రంతా పట్టలేదు, గంటలోపే అయిపోయింది. స్ట్రిప్ చేసి ఇన్‌స్టాల్ చేశాను.

ఇంకో చిన్న మెలిక మిగిలింది. ఈ డాంగిల్ పెట్టగానే మొదట సీడీ డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఐడీ చివర 1ఏ2బీ అని. విండోస్ డ్రైవర్ అందులో పెట్టి ఇస్తారు. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఉంటే అది సీడీ వేషం తీసేయించి వైఫైగా మారుస్తుంది, ఐడీ సీ811 అవుతుంది. రియల్‌టెక్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా కావాలి. రెండూ ఫోన్ నెట్‌తో దింపాను. డాంగిల్ తీసి మళ్లీ పెట్టాను. నీలం లైటు.

చెల్లె ఆ రాత్రి రిపోర్ట్ పూర్తి చేసి పొద్దున ప్రింట్ తీయించుకుంది. మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు. చెల్లె చెప్పినట్టుంది. "గా పెట్టె బాగైందా బిడ్డా?" అన్నాడు. బాగైందని చెప్పాను. "దాంట్ల తప్పేమున్నదో దొరికిందా?" అని అడిగాడు. బోరు మోటారు చెడితే వైండింగ్ దాకా విప్పి చూడనిదే ఊరుకోని మనిషి. తాళంచెవి బీరువా సంగతి చెప్పాను. పూర్తిగా విన్నాడు. "మరి గూట్ల పెట్టినవా ఇంకోటి?" అన్నాడు.

పెట్టాను. 6.1 కెర్నల్, దాని ఇనిట్‌ఆర్‌డీ బూట్ పార్టిషన్‌లో కదలకుండా ఉన్నాయి. లైవ్ పెన్‌డ్రైవ్ లాప్‌టాప్ బ్యాగులో ఉంది. ఏ పార్టిషన్ ఏమిటో, ఏది ఎక్కడ మౌంట్ చెయ్యాలో ఒక కాగితం మీద రాసి దానికి రబ్బరు బ్యాండ్‌తో చుట్టి పెట్టాను. చెల్లె ఫైళ్లు వారానికోసారి ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తున్నాయి, ఆ పని అదే చేసుకుంటోంది.

6.12లో తర్వాత చిన్న వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ బిల్డ్ చేశాను. ఈసారి మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడాను. ఆ నిమిషాన మెషీన్‌లో నడుస్తున్న మాడ్యూల్స్‌ను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది, బిల్డ్ గంటన్నరలో అయిపోయింది. అయితే ఆ నిమిషాన పెట్టి లేని వస్తువుల డ్రైవర్లు కూడా పోతాయి. అందుకని కమాండ్ కొట్టేముందు డాంగిల్, పెన్‌డ్రైవ్, ఫోన్ కేబుల్, చెల్లె హెడ్‌ఫోన్స్, పక్క రూం నుంచి అడిగి తెచ్చిన ప్రింటర్ అన్నీ ఒకేసారి తగిలించాను. ఇన్‌స్టాల్ అయ్యాక బూట్ పార్టిషన్‌లో ఎంత నిండిందో చూశాను. మూట సైజు చూశాను. గ్రబ్ చెప్పిన రెండు లైన్లూ చదివాను.

రీబూట్ కొట్టబోతుంటే చెల్లె వెనక నుంచి అడిగింది, "పాతది ఉందా?"

"ఉంది" అన్నాను. కొట్టాను.